ఆర్ఫియస్ పియానో

మాస్టారి పేరిట ఏర్పాటైన ఈ స్మారకోపన్యాసానికి పిలిచినప్పుడు నిర్వాహకులు నాకు ఒక్కటే షరతు పెట్టారు. గోడకు వేలాడే బొమ్మల గురించి మాత్రం మాట్లాడవద్దన్నారు. ఎందుకో ఇక్కడున్న పాత విద్యార్థులకు చెప్పనక్కర్లేదు. చిత్రకళ బోధించినన్నాళ్ళూ వడ్రంగి షెడ్డు తాళంచెవి మాస్టారి జేబులోనే ఉండేది. బొమ్మ ఎక్కే చెక్క ఏ చెట్టుదో, ఎన్నాళ్ళు ఆరిందో తెలియనివాడి చేతికి బ్రష్షు ఇవ్వకూడదని ఆయన పట్టు. అందుకని ఇవాళ ఒక పియానో గురించి మాట్లాడదామని వచ్చాను. దాని చెక్క మీద ఒక పాత గ్రీకు కథ ఉంది. ఆ కథ వెనక ఒక స్నేహం ఉంది.

1879లో మొదలై 1880లో పూర్తయిన పియానో అది. లండన్‌లో పేరుమోసిన బ్రాడ్‌వుడ్ సంస్థ దాన్ని తయారుచేసింది. రంగులు వేసినవాడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్. చేయించినవాడు విలియం గ్రాహం అనే గ్లాస్గో వర్తకుడు, తన కూతురు ఫ్రాన్సెస్ కోసం. ఫ్రాన్సెస్ 1854లో పుట్టింది, బర్న్-జోన్స్ 1833లో. ఇద్దరికీ మధ్య ఇరవయ్యొక్కేళ్ళ తేడా. అతను పెళ్ళయి పిల్లలున్నవాడు, ఆమె అతన్ని ఎంతో ఇష్టపడే స్నేహితురాలు. తండ్రి సొమ్ము పెట్టాడు, చిత్రకారుడు మనసు పెట్టాడు. కానుక ఎవరిదని అడిగితే ఇద్దరిదీ అనాలి గానీ, ఆ చెక్క మీద మాట్లాడుతున్నది మాత్రం రెండోవాడే.

కథ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఆర్ఫియస్ గొప్ప గాయకుడు. అతను తీగలు మీటితే క్రూరమృగాలు పక్కన వచ్చి కూర్చునేవి, చెట్లు కదిలి వచ్చేవి. భార్య యూరిడిసీ పాము కరిచి చనిపోయింది. వాద్యం పట్టుకుని పాతాళానికి దిగాడు. అక్కడి రాజు ప్లూటో, రాణి పెర్సెఫొనీ అతని పాటకు కరిగిపోయారు. భార్యను తీసుకుపో, అయితే పైలోకం చేరేదాకా వెనక్కి తిరిగి చూడకు అన్నారు. తీరా వెలుగు దగ్గర పడుతుండగా చూశాడు. ఆమె జారిపోయింది. ఆ తర్వాత అతన్ని మద్యదేవత బాకస్ భక్తురాళ్ళు చీల్చి చంపారు. రోమన్ కవులు వర్జిల్, ఓవిడ్ ఇద్దరూ ఈ కథ చెప్పారు. ఓవిడ్ ఇంకో అడుగు ముందుకు వేసి, చచ్చి పాతాళానికి చేరిన ఆర్ఫియస్ అక్కడ యూరిడిసీతో కలిసి తిరుగుతాడంటాడు. ఒకసారి ఆమె ముందు నడుస్తుంది, ఒకసారి అతను. ఇక తిరిగి చూసినా నష్టం లేదు.

మన ఆదిపర్వం చదివినవారికి ఇక్కడ రురుడు గుర్తుకు రావాలి. ప్రమద్వరకు పెళ్ళి కుదిరాక పాము కరిచింది. రురుడు తన ఆయుష్షులో సగం ఇచ్చి ఆమెను బతికించుకున్నాడు. మనవాళ్ళు ఆయుష్షుతో లెక్క సరిపెట్టారు, గ్రీకులు నిగ్రహం అడిగారు. నన్నడిగితే రురుడిదే తేలిక బేరం. సగం ప్రాణం ఇచ్చేస్తే అక్కడితో పని అయిపోతుంది. ప్రేమించిన మనిషి వెనకే వస్తూంటే తల తిప్పకుండా నడవడం అడుగడుగునా కట్టాల్సిన మూల్యం.

ఇక బర్న్-జోన్స్. బర్మింగ్‌హామ్‌లో బొమ్మలకు చట్రాలు కట్టి, వాటికి బంగారు పూత పూసే పనివాడి కొడుకు. కాబట్టి చెక్క అంటే చిన్నచూపు లేదు. అతను రంగుల్లో చెయ్యి తిప్పుకున్నది సగం బీరువాల మీదే. స్నేహితుడు విలియం మోరిస్‌కు 1859లో జేన్‌తో పెళ్ళయినప్పుడు ఫిలిప్ వెబ్ గీసిచ్చిన ఒక పెద్ద బట్టల బీరువా మీద చాసర్ చెప్పిన కథ ఒకటి చిత్రించి కానుకగా ఇచ్చాడు. ఆ బీరువా ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. పెళ్ళికానుకగా ఇచ్చే బీరువా మీద అంత పెద్ద బొమ్మ ఎందుకని ఆ కుర్రాళ్ళకు తోచనే లేదు. ఇంట్లో వాడే ప్రతి వస్తువూ కథ చెప్పాలని వాళ్ళ నమ్మకం.

మరుసటి ఏడు, 1860లో, అతనికి జార్జియానాతో పెళ్ళయింది. ఆమెకు పాడటం, వాయించడం రెండూ వచ్చు. వాళ్ళింటికి గోడకు ఆనించి పెట్టే చిన్న పియానో ఒకటి వచ్చింది. దానికీ బొమ్మలు వేశాడు. మీటల కింది పలక మీద ఒక తోట, తోటలో సంగీతం వింటూ సేదతీరుతున్న అమ్మాయిలు, తోట గుమ్మం బయట ముసుగు వేసుకుని కిరీటం పెట్టుకున్న మృత్యువు. కొత్త పెళ్ళికూతురు వాయించే పియానోకు ఎంచుకున్న విషయం అది! అదే పియానో మీద వాద్యం వాయిస్తున్న అమ్మాయి బొమ్మ కూడా వేశాడు. ఆ బొమ్మ ఏళ్ళ తరబడి అతని మనసులో పెరిగి ‘ల్ షాఁ దామూర్’ అనే పెద్ద తైలవర్ణ చిత్రమైంది. దాన్ని కొనుక్కున్నవాడు మన విలియం గ్రాహమే. ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. పియానో మీంచి కాన్వాసు మీదికి ఎక్కిన చిత్రం గ్రాహం ఇంటికి చేరింది. ఆ ఇంట్లోంచే మళ్ళీ పియానోకు పిలుపు వచ్చింది.

గ్రాహం గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. గ్లాస్గో నుంచి లిబరల్ పార్టీ తరఫున పార్లమెంటు సభ్యుడిగా ఉన్నాడు. రొసెట్టి, బర్న్-జోన్స్‌ల బొమ్మలంటే ప్రాణం పెట్టేవాడు. వ్యాపారం ఇండియాతో. స్కాట్లాండు నుంచి మిల్లు బట్టలు తెచ్చి మన దేశంలో అమ్మే వర్తక కుటుంబం వాళ్ళది. ఆ బట్టలు మన చేనేత మగ్గాల నోట మన్ను కొట్టిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనవసరం లేదు. ఆర్ఫియస్ పియానోకు అయిన ఖర్చులో ఆ లాభం కూడా కొంత కలిసే ఉండాలి. అందమైన వస్తువు ముందు నిలబడ్డప్పుడు ఈ లెక్క కూడా గుర్తుండాలని మాస్టారి దగ్గరే నేర్చుకున్నాను. లెక్క తెలిసినంత మాత్రాన బొమ్మ అందం తగ్గదు. చూసేవాడికి బుద్ధి కాస్త పెరుగుతుంది.

పియానో ఆకారం సంగతికి వద్దాం. ఆ రోజుల్లో ఇంగ్లీషు ఇళ్ళలో పియానో అంటే నున్నగా మెరిసే రోజ్‌వుడ్ పైచెక్క, వంపులు తిరిగిన ఒళ్ళు, లేత్ మీద తిప్పిన ఏనుగు పాదాల్లాంటి కాళ్ళు. బర్న్-జోన్స్‌కు అది చూస్తే ఒళ్ళు మండేది. ఇంటికి పూజాపీఠంలాంటి వస్తువు ఇంత మొరటుగా ఉండటమేమిటని, పియానోను సంస్కరించాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నానని ఒక లేఖలో రాసుకున్నాడు. అందుకని పాత హార్ప్సికార్డ్ ఆకారానికి తిరిగి వెళ్ళాడు. వంపులు తగ్గించి కోణాలు తీర్చాడు. లావు కాళ్ళు పీకేసి, బల్లకు పెట్టినట్టు సాదా చట్రం ఒకటి కింద పెట్టించాడు. ఈ పనిలో అతనికి డబ్ల్యు.ఎ.ఎస్. బెన్సన్ అనే యువకుడు తోడున్నాడు. చదునైన పక్కలు దొరికితేనే గదా చిత్రకారుడికి చోటు! సంస్కరణ పేరుతో తన గోడ తానే కట్టుకున్నాడని నా అనుమానం. తప్పేమీ లేదు.

ఇప్పుడు పియానోను కాస్త దగ్గరగా చూద్దాం. బల్లల మీద, బీరువాల మీద వేసే బొమ్మకూ గోడ మీది బొమ్మకూ ఉన్న తేడా అంతా ఇక్కడే తెలుస్తుంది.

మూత మూసి ఉన్నప్పుడు పైన కనిపించేది కవి, అతని కావ్యదేవత. పక్కన గ్రాహం వంశం వారి నినాదం, ‘మరవకు’ అని పాత ఫ్రెంచిలో. అంటే ఎవరూ వాయించని వేళ ఆ వస్తువు గదిలో పడి ఉండి చెప్పే మాట అదొక్కటే. మూత ఎత్తితే లోపల, తీగలకు ఎదురుగా, భూమాత. ‘టెర్రా ఓమ్నిపారెన్స్’, అందరినీ కన్న తల్లి. ద్రాక్షతీగెలు అల్లుకున్న నడుమ కూర్చుని ఉంటుంది, చుట్టూ తీగెల్లో చిక్కుకుని పిల్లలు. కొందరు బుద్ధిమంతులు, కొందరు ఆగడాలు చేస్తున్నారు. బయట పక్కల చుట్టూ గుండ్రని చట్రాల్లో, ఒకే రంగు ఛాయల్లో, ఆర్ఫియస్ కథ. తోట, తోటలో పాము విషం, పాతాళద్వారం, ప్లూటో ఇల్లు, దొరికి చేజారడం, గాయకుడి చావు.

పాతాళానికి దిగే కథ కింద అంచున చుట్టి ఉంటే, వాయించడానికి మూత ఎత్తగానే పైకి లేచేది పుట్టుకల తల్లి. చావుకు పుట్టుక జవాబు చెబుతున్నట్టు ఉంటుంది. ఓవిడ్‌లో గానీ వర్జిల్‌లో గానీ ఈ ఏర్పాటు లేదు. ఇది చిత్రకారుడి సొంత కల్పన. కొత్త పాత్ర సృష్టించకుండా, ఒక్క సన్నివేశం మార్చకుండా, కథను ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టి దాని అర్థం మార్చాడు. పురాణాన్ని కొత్తగా చెప్పడమంటే పాత్రల చేత కొత్త డైలాగులు పలికించడమే అనుకునేవాళ్ళు ఈ పియానో చుట్టూ ఒకసారి తిరిగి రావాలి.

ఇంకొకటి ఉంది. నన్ను ఎక్కువగా పట్టి ఆపేది అదే. పియానో ముందు కూర్చుని వాయించే మనిషికి ఆ గుండ్రని బొమ్మలు కనిపించవు. అవి ఆమె చేతులకు అవతల, పెట్టె బయటివైపు ఉన్నాయి. ఫ్రాన్సెస్ వాయిస్తుంటే ఆర్ఫియస్ భార్యను పోగొట్టుకోవడం చూసేది చుట్టూ కూర్చుని వినేవాళ్ళే. వెనక్కి చూడకూడదన్న కథను, వాయించేవాళ్ళు చూడలేని చోట వేశాడు. చూడాలంటే పాట ఆపి లేచి రావాలి. ఆపితే ఆర్ఫియస్ చేసిన తప్పే చేసినట్టు. ఇది అతను అనుకునే చేశాడా, పియానో ఆకారమే చేయించిందా? ఇరవై ఏళ్ళుగా చెక్కల మీద బొమ్మలు వేస్తున్నవాడికి ఏ పక్క ఎవరికి కనిపిస్తుందో తెలియదంటే నేను నమ్మను.

వస్తువును బట్టి కథ ఎంచుకోవడం ఆ కాలపు ఇంగ్లీషు చిత్రకారులకు సరదా. విలియం బర్జెస్ అనే వాస్తుశిల్పి 1858లో యాట్‌మన్ అనే ఆయన కోసం ఒక రాతబల్ల బీరువా గీశాడు. దాని మీద ఎడ్వర్డ్ పాయింటర్ వేసిన బొమ్మలు కాడ్మస్ కథ. గ్రీకులకు అక్షరాలు తెచ్చి ఇచ్చినవాడు కాడ్మస్, రాసుకునే బల్లకు అంతకంటే తగిన దేవర ఎవరు? అదే బర్జెస్ 1860ల నడుమ తన గదుల్లో వాడుకునే మొహం కడుక్కునే బల్ల మీద నార్సిసస్‌ను వేయించాడు. నీళ్ళలో తన నీడనే ప్రేమించినవాడు! పాలరాతి తొట్టెలో వెండి చేపలు పొదిగించాడు. నీళ్ళు పోస్తే చేపలు ఈదుతున్నట్టుంటాయి. పొద్దున్నే ఆ తొట్టె మీద వంగినవాడు తన మీద తానే వేసుకున్న ఎగతాళి అది.

ఆ బల్ల తర్వాతి కథ వినదగ్గది. బర్జెస్ 1881లో పోయాడు. అతని కాలం పోయింది, అభిరుచి మారింది. అతను అంత ముచ్చటపడి చేయించుకున్న బల్ల లింకన్ ఊళ్ళో పాత సామాన్ల కొట్లో దుమ్ము కొట్టుకుంటూ జాన్ బెట్జమన్ కంటపడింది. కవి అయిన బెట్జమన్ దాన్ని నవలాకారుడు ఈవ్‌లిన్ వా యాభయ్యో పుట్టినరోజుకు, 1953లో, కానుక చేశాడు. బల్ల ఇల్లు చేరాక వా కొళాయి నుంచి తొట్టెలోకి వచ్చే గొట్టం ఒకటి లేదని పట్టుబట్టాడు. తను కళ్ళారా చూశానన్నాడు. అలాంటి గొట్టం ఎప్పుడూ లేదని బెట్జమన్ జవాబు. వా అప్పటికి నిద్రమందుల మత్తులో లేనివి చూస్తున్నాడు, లేని గొంతులు వింటున్నాడు. ఆ అనుభవాన్నంతా 1957లో ‘ది ఆర్డీల్ ఆఫ్ గిల్బర్ట్ పిన్‌ఫోల్డ్’ నవలగా రాశాడు. అందులో ఈ బల్ల కూడా ఉంది. లేనిదాన్ని నీళ్ళలో చూసినవాడి బొమ్మ ఉన్న బల్ల మీద లేని గొట్టం చూశాడు పాపం. బల్ల ఇప్పుడు బెడ్‌ఫర్డ్‌లోని హిగ్గిన్స్ మ్యూజియంలో క్షేమంగా ఉంది.

బర్జెస్‌ది చమత్కారం. బర్న్-జోన్స్‌ది మరో దారి. పియానోకు ఆర్ఫియస్ తగినవాడే, వాద్యానికి గాయకుడు. ఆ ఎంపిక ఎవరైనా చేస్తారు. కానీ ఒక అమ్మాయికి ఇచ్చే కానుక మీద, భార్యను చేతులారా పోగొట్టుకున్నవాడి కథ మొత్తం, చావు దాకా వేస్తారా? మృగాలు చుట్టూ చేరి వింటున్న ఒక్క దృశ్యం వేసి ఊరుకుంటే అందరూ సంతోషించేవారు. అతను ఊరుకోలేదు.

ఫ్రాన్సెస్ అతనికి ఏమిటో చెప్పే బొమ్మ ఇంకొకటి ఉంది. అదే 1880లో లండన్‌లోని గ్రోవనర్ గ్యాలరీలో ప్రదర్శించిన ‘ది గోల్డెన్ స్టెయిర్స్’. వంపు తిరిగిన మెట్ల మీద వాద్యాలు పట్టుకుని దిగి వస్తున్న అమ్మాయిల గుంపు. ఇప్పుడది టేట్ గ్యాలరీ సొత్తు. దిగువన ఎడమపక్క తాళాలు పట్టుకుని నిలబడ్డ అమ్మాయి మొహం ఫ్రాన్సెస్‌ది. ఆమె కోసం అతను వేసినవి ఒకటి రెండు కావు. నగల పెట్టెలు, ప్రార్థన పుస్తకాలు, వడ్డాణాలు, అన్నిటికీ ఏదో ఒక కథ గీసిచ్చేవాడు. 1883లో ఆమె జాన్ హార్నర్‌ను పెళ్ళాడి సోమర్సెట్‌లోని మెల్స్‌కు వెళ్ళిపోయింది. ఎన్ని ఓపికైన పనులు ఆమె కోసం చేశానో, ఇప్పుడు అమ్మాయిలంతా పెళ్ళిళ్ళు చేసుకుని పోతున్నారని కళావిమర్శకుడు రస్కిన్‌కు ఉత్తరం రాసి వాపోయాడు. వేళాకోళంగానే రాశాడు. వేళాకోళం వెనక ఏముందో రస్కిన్‌కూ తెలుసు.

అందుకని నా అభిప్రాయం దాచుకోకుండా చెబుతాను. ఈ కానుకలో స్వార్థం ఉంది. స్నేహితురాలిని గౌరవించే నెపం మీద ఆమె ఇంట్లో తన దుఃఖం శాశ్వతంగా పెట్టి వచ్చాడు. ఇరవయ్యైదేళ్ళ అమ్మాయి రోజూ సాయంత్రం ఆ దుఃఖం పక్కన కూర్చుని వాయించాలి. ‘మరవకు’ అన్నది వాళ్ళ వంశం నినాదమే కావచ్చు, ఆ చోట రాసినవాడి గొంతు అందులో వినపడక మానదు. అయినా కానుక గొప్పదే. తన దుఃఖం ఆమె కంటికి అడ్డం రాకుండా పెట్టెకు బయటివైపు పెట్టాడు చూశారా, మర్యాద అక్కడ ఉంది. ఆమె ఎదుట తీగలు, పైన భూమాత. మిగతాదంతా పరాయివాళ్ళకు.

ఇదే కథను ఫ్రెడరిక్ లెయిటన్ 1864లో కాన్వాసు మీద వేశాడు. లండన్‌లో అతని ఇల్లే మ్యూజియమైంది, బొమ్మ అక్కడే ఉంది. నన్ను చూడవేమని యూరిడిసీ మెడ పట్టుకుని బతిమాలుతుంది, ఆర్ఫియస్ కళ్ళు మూసుకుని మొహం తిప్పుకుంటాడు. మంచి బొమ్మ. కానీ దాని ముందు నిలబడ్డవాడికి అంతా ఒక్క చూపులో అయిపోతుంది. పియానో చుట్టూ ఉన్న కథను ఒక్క చూపులో చూడలేం, నడవాలి. ఆర్ఫియస్ నడిచినంత దూరం మనమూ నడిచి, ఒక మూల తిరిగాక ఆమె లేదని తెలుసుకోవాలి. గుండ్రని చట్రంలో మనిషిని నిటారుగా నిలబెడితే చుట్టూ చోటంతా వృథా. వంగితే, వాలితే, ఒకరి మీద ఒకరు పడితేనే నిండుతుంది. ఆ ఇరుకే ఈ కథకు సరిపోయింది.

ఫ్రాన్సెస్ తర్వాతి బతుకు తేలికగా గడవలేదు. అల్లుడు రేమండ్ ఆస్క్విత్ 1916లో సొమ్ యుద్ధంలో పోయాడు. కొడుకు ఎడ్వర్డ్ 1917 నవంబరులో కాంబ్రే దగ్గర పోయాడు. అదే ఏడు మెల్స్ పార్క్ భవనం కాలిపోయింది. మెల్స్ చర్చిలో కొడుకు కోసం నిలబెట్టిన గుర్రపురౌతు విగ్రహం చిత్రకారుడు మన్నింగ్స్ చేసినది, దాని పీఠం వాస్తుశిల్పి లట్యెన్స్ గీసినది. వీటన్నిటి తర్వాత 1933లో ఆమె తన జ్ఞాపకాలు అచ్చువేసింది. 1940లో కన్నుమూసింది. ఎనభై ఏళ్ళు దాటి బతికి, పెట్టెకు బయటివైపున్న బొమ్మలన్నీ లోపల కూడా చూసేసిన మనిషి.

ఇక ముగిస్తాను, విద్యార్థులకు ఒక పని చెప్పి. బర్జెస్ బల్ల పాత సామాన్ల కొట్లో దొరికింది, ఎవరిదో ఎరిగినవాడి కంటపడింది కాబట్టి బతికింది. మన ఊళ్ళలో అలాంటి కొట్లకు కొదవ లేదు. రంగులు వేసిన భోషాణాలు, దశావతారాల పలకలున్న పందిరి మంచాలు, కృష్ణుడి బొమ్మలున్న ఉయ్యాల బల్లలు బరువును బట్టి అమ్ముడుపోతున్నాయి. నిర్మల్‌లో పొనికి చెక్క మీద రంగులు వేసే చేతులు ఇంకా పని చేస్తూనే ఉన్నాయి గానీ, మన తాతల ఇళ్ళలోని పాత పని ఎవరు చేశారో అడిగితే చెప్పేవాళ్ళు తగ్గిపోతున్నారు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మమ్మనో, పెదనాన్ననో కూర్చోబెట్టి అడగండి. ఆ వస్తువు ఎవరు చేశారు, ఎవరు ఎవరికి ఇచ్చారు, ఏ సందర్భానికి, దాని మీద ఉన్నది ఏ కథ, ఆ కథే ఎందుకు. నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తీయండి, అడుగుభాగం కూడా. విన్నది విన్నట్టు రాసి తెచ్చి మన కాలేజీ లైబ్రరీలో ఇవ్వండి. మాస్టారి పేరిట అక్కడ ఒక అలమర ఖాళీగా ఉంది.